ఉలవలు మేసిన రౌతు

షోలవరం మోటారు సైకిల్ పందేల చరిత్ర ఎవరో రాస్తున్నారట. ఆ పని మీద ఒకాయన బెజవాడలో నా మెకానిక్ షెడ్డుకి వచ్చాడు. మర్యాదస్తుడు. టీ తాగుతూ, ఆ రోజుల్లో ఏ బండి నడిపారు, ఇంజను ఎన్ని సీసీ, టైర్లు ఎక్కడ దొరికేవి అని అడిగాడు. గుర్తున్నవన్నీ చెప్పాను. చివర్లో, ఒక్క ఏడాది గెలిచి మళ్ళీ ఎందుకు రాలేదండీ అన్నాడు. కుడికాలు చూపించాను. పందెంలో పడ్డారా అన్నాడు. పందెంలో నేను ఎప్పుడూ పడలేదన్నాను. అంతటితో ఆయన పెన్నుకి మూత పెట్టేశాడు. పందెం బయట జరిగింది ఆయన పుస్తకానికి అక్కర్లేదు. అక్కర్లేని ఆ భాగమే నేను రాస్తున్నాను.

నన్ను రెండేళ్ళు మేపారు. ఒక ఏడాది పెట్టి మేపారు, ఇంకో ఏడాది మాడ్చి మేపారు. మేపినవాడు మా కామందు. ఆయన పేరు రాయను. ఆయన మనవలు మంచివాళ్ళు, వాళ్ళ స్కూటర్లు నా షెడ్డులోనే బాగు చేయించుకుంటారు. నా పేరూ రాయను. ఒక్కసారి మైకులో నా పేరు వినపడినందుకు ఏమైందో కింద చదువుతారు.

నూజివీడు నుంచి ముసునూరు వెళ్ళే దారిలో కామందు తోటలు ఉండేవి. రసాలు, బంగినపల్లి, ఒక పక్కన కలెక్టరు కాయ. తోట కింద వరి పొలం. మా నాన్న ఆయన పాలేరు. మా గుడిసె తోట కంచె లోపలే, ఆయన స్థలంలో ఉండేది. అందుకని ఇల్లు, కూలి, దారి, నీళ్ళు అన్నీ ఆయన నోట్లో మాటే. పొమ్మంటే ఆ పూటే పోవాలి. పొమ్మని ఆయన ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం రాకుండా చూసుకోవడం మా పని.

కామందుకి గిత్తలంటే ప్రాణం అని చుట్టుపక్కల చెప్పుకునేవారు. అది పచ్చి అబద్ధం. ఆయనకి గెలుపంటే ప్రాణం. తిరునాళ్ళలో బండలాగుడు పందేలకి రెండు జతల గిత్తల్ని పెంచేవాడు. పెద్ద రాతిబండకి గొలుసు కట్టి, గిత్తల చేత లాగిస్తారు. ఎక్కువ దూరం లాగిన జత గెలిచినట్టు. పక్కన ముల్లుకర్ర పట్టుకుని పరిగెత్తి, పొడిచి, తోక మెలిపెట్టి తోలేవాడు ఒకడుంటాడు. మైకులో వాడి పేరు చదవరు. ఫలానా వారి గిత్తలు అని ఆసామి పేరే చదువుతారు. ఆసామి కండువా సర్దుకుంటూ వెళ్ళి బహుమతి పుచ్చుకుంటాడు. తోలినవాడికి ఒక తువ్వాలు ఇస్తారు. ఓడిపోయిన గిత్తని కామందు మళ్ళీ ఇంటికి తోలుకొచ్చేవాడు కాదు. అట్నుంచి అటే మైలవరం వైపు ఎవరికో అమ్మేసి, తాడు మాత్రం తెచ్చుకునేవాడు.

మోటారు సైకిలు చినబాబుది, అంటే కామందు ఒక్కగానొక్క కొడుకుది. బెజవాడలో కాలేజీకి వెళ్ళేవాడు. ఇంగ్లండులో తయారైన మూడువందల యాభై సీసీ బండి అది, ఎవరో తెల్లదొర వదిలేసి పోయింది. చినబాబు ఇంటికొచ్చినప్పుడల్లా నేను దాన్ని కడిగేవాణ్ణి. కడిగేవాణ్ణి కాస్తా తోసుకెళ్ళేవాణ్ణి అయ్యాను, తర్వాత నడిపేవాణ్ణి అయ్యాను. అప్పటికి నాకు మీసాలు వచ్చి ఒకటి రెండేళ్ళయి ఉంటుంది.

నడపడం నాకు నేర్పింది మాత్రం మామిడికాయలు. తొలికాపు దిగగానే బెజవాడ మార్కెట్టులో అందరికంటే ముందు మన కాయ కనపడాలని కామందు పట్టుదల. బండి వెనక అటొక బుట్ట, ఇటొక బుట్ట కట్టి నన్ను తోలేవాడు. మైలవరం, జి. కొండూరు మీదుగా బెజవాడ దాకా గోతులు, కంకర, ఎద్దుబళ్ళు. ఆగితే పక్క తోటవాళ్ళ కాయ ముందు చేరుతుంది. దూకిస్తే కాయ నలుగుతుంది. నలిగిన కాయ బుట్ట అడుగున ఒక్కటి కనిపించిందని షావుకారు కబురు పెడితే చాలు, నేను తిరిగి రాగానే కామందు పచ్చికాయ ఒకటి కోయించేవాడు. తొడిమ తుంచి, బొట్లు బొట్లుగా కారే సొన నా పెదవికి రాసేవాడు. మామిడి సొన తగిలినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మొదట ఏమీ ఉండదు. కాసేపటికి నిప్పు. తెల్లారేసరికి పుండు. మానినా నల్లటి మచ్చ పోదు. ఆయన నన్ను కొట్టేవాడు కాదు. కొట్టడం మోటు పని అనేవాడు.

అలా రెండు మూడు కాపులు గడిచేసరికి బుట్టలో కాయ కదలకుండా మలుపు తిరగడం నా ఒంటికి పట్టేసింది. నా పెదాల మీద అప్పటికి తోలు మిగల్లేదు.

చినబాబు స్నేహితులతో మద్రాసు వెళ్ళి షోలవరంలో పందేలు చూసొచ్చాడు. దేశం నలుమూలల నుంచి వస్తారు నాన్నా, వచ్చే ఏడు నేనూ వెళ్తానన్నాడు. తోట దారిలో సాధన మొదలుపెట్టి, మొదటి వారంలోనే కాలవ తూము దగ్గర పడి మోచెయ్యి చెక్కుకున్నాడు. వాళ్ళమ్మ అన్నం మానేసింది. కామందు కొడుకుని పిలిచి, నాకు ఇప్పటికీ వినపడే మాట ఒకటి అన్నాడు.

“పందెం పెట్టేవాడివి నువ్వు తోలడమేంట్రా? మన గిత్తల్ని ఏనాడన్నా నేను తోలానా?”

అని నా వైపు చూశాడు. అంతే, నేను పందేనికి ఎక్కాను. నన్నెవరూ అడగలేదు. అడిగితే ఎగిరి గంతేసి ఒప్పుకునేవాణ్ణి, అది వేరే సంగతి. ఆ బండి ఎక్కితే నా కింద భూమి నాదే అనిపించేది నాకు.

పందేనికి తయారు చెయ్యడం అంటే కామందుకి ఒక్కటే తెలుసు. గొడ్ల చావిట్లో గిత్తల పక్కన నాకో పీట వేయించాడు. పొద్దునా సాయంత్రం ఉడకబెట్టిన ఉలవలు, పచ్చి గుడ్లు, నెయ్యి, నల్లబెల్లం. ఒంటికి నూనె మర్దన. వారానికోసారి కాయలు తూచే కాటా మీద నిలబెట్టి, బరువు పెరిగితే సంతోషించేవాడు. బండ లాగే గిత్తకి బరువుంటేనే బలం. మోటారు సైకిలు లాగదనీ, నేను దాన్ని మొయ్యననీ, అదే నన్ను మోస్తుందనీ ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. కడుపు నిండా తినడం అదే మొదలు నాకు.

చావిట్లో పేడ తీసేది మా అమ్మ. మా చెల్లి గంప పట్టుకుని వెంట వచ్చేది. నేను తింటుంటే అది నోరు తెరిచి అడగలేదు. ఊరికే చూసేది. ఒకరోజు ఒక గుప్పెడు ఉలవలు పిడికిట్లోకి తీసుకున్నాను. కామందు చేతికర్ర వెంటనే నా మణికట్టు మీద ఆనింది.

“అవి నీ ఉలవలు కాదురా. పందేనివి.”

పిడికిలి విప్పి మళ్ళీ కంచంలో వేశాను. మా అమ్మ చెల్లిని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఆ పూట మిగతావి కూడా తిన్నాను, తినకపోతే ఊరుకోడు గనక. ఆయన్ని అసహ్యించుకోవడం నేను మొదలుపెట్టింది సొన రాసినప్పుడు కాదు, ఆ రోజు.

షోలవరం గురించి తెలియనివాళ్ళకి చెప్పాలి. మద్రాసుకి ఉత్తరాన, యుద్ధం రోజుల్లో విమానాలు దిగడానికి ఇంగ్లీషువాళ్ళు పోసిన సిమెంటు దారి అది. యుద్ధం పోయింది, విమానాలు పోయాయి, ఇంగ్లీషువాళ్ళూ పోయారు. సిమెంటు మిగిలింది. కార్లూ మోటారు సైకిళ్ళూ ఉన్న మద్రాసు పెద్దమనుషులు ఏటా మా మామిళ్ళు పూత మీద ఉండే రోజుల్లో అక్కడ పందేలు పెట్టడం మొదలుపెట్టారు. విమానం దారికి మలుపులు ఎక్కడివి? ఖాళీ పీపాలూ గడ్డిమోపులూ అడ్డం పెట్టి వాళ్ళే మలుపులు పుట్టించారు. కలకత్తాలో, బొంబాయిలో కూడా ఇలాంటి పాత విమానాల మైదానాల్లోనే పందేలు జరిగేవని అక్కడికొచ్చినవాళ్ళు చెప్పేవారు. దేశం మొత్తానికి పాయింట్లు కలిపి ఒక ఛాంపియన్ని తేల్చే పద్ధతి గట్టిపడింది తర్వాతెప్పుడో. మా రోజుల్లో షోలవరంలో గెలిచినవాణ్ణే దేశంలో మొదటివాడు అనేవారు. బయటి దేశాల నుంచి కొత్త బండ్లు రానిచ్చేవారు కాదు గనక అందరివీ పాత బండ్లే, ఒకదాని పిస్టను ఇంకోదాని పొట్టలో. చక్కటి మలుపులతో వేరే ట్రాకు మద్రాసు అవతల కట్టింది చాలా ఏళ్ళ తర్వాత.

బండిని మెయిలు రైలు సామాన్ల పెట్టెలో ఎక్కించి, కామందు, చినబాబు, నేను మద్రాసు చేరాం. తోలు కోట్లు వేసుకున్న రౌతులందరూ కొంగల్లా సన్నగా ఉన్నారు. ఉలవలు మేసిన నేను మధ్యలో నిలబడితే నవ్వని మనిషి లేడు. ఆ రోజుల్లో పందెం మొదలంటే ఇంజను ఆపేసి ఉంటుంది, జెండా ఊపగానే బండిని తోసుకుంటూ పరిగెత్తి, ఇంజను అందుకోగానే ఎగిరి కూర్చోవాలి. వాళ్ళందరూ ఎక్కి వెళ్ళిపోయాక కూడా నేను తోస్తూనే ఉన్నాను. చివరివాళ్ళలో చివరివాడిగా వచ్చాను.

పందెం బండ్లు తయారు చేసే గ్యారేజీ ఆయన ఒకాయన అక్కడుండేవాడు. మద్రాసులో స్థిరపడ్డ తెలుగాయన. కామందు ఆయన్ని పట్టుకుని, బండిలో లోపమేంటండీ అని అడిగాడు. ఆయన బండిని తిప్పి చూసి, నన్ను కిందినుంచి మీదికి చూశాడు.

“బండి బంగారమండీ. మోసే బరువే ఎక్కువైంది.”

కామందు ఆ మాటని నూజివీడు దాకా నమిలాడు. మర్నాడే నా పీట ఎత్తేశారు.

రెండో ఏడు గంజి. ఉప్పు వెయ్యని గంజి, పొద్దున ఒక గిన్నె, సాయంత్రం ఒక గిన్నె. ఉప్పు పడితే ఒళ్ళు నీరు పడుతుందని ఎవరో చెప్పారట. అదే కాటా మీద నిలబెట్టేవాడు, ఇప్పుడు బరువు తగ్గితే సంతోషం. పనిలో మాత్రం తగ్గింపు లేదు. ఆ ఏడు వరి నూర్పిళ్ళకి కళ్ళంలో దిగాను. ఆకలికి కళ్ళు తిరుగుతుంటే, రాలిన వడ్లు రెండు గింజలు వలిచి నోట్లో వేసుకున్నాను. కామందు చూశాడు. తిట్టలేదు. నవ్వుతూ లేచి, కంకులు మెయ్యకుండా ఎద్దుల మూతికి కట్టే తాటినార చిక్కం ఒకటి విప్పించి నా మూతికి కట్టించాడు.

కట్టింది మా నాన్న. కామందు కట్టమన్నాడు, ఆయన కట్టాడు. కళ్ళంలో ఉన్న కూలీలందరూ విరగబడి నవ్వారు. వాళ్ళ నవ్వు నాకంత బాధనిపించలేదు, నేనైనా నవ్వేవాణ్ణే. మా నాన్న కూడా నవ్వాడు. ముడి బిగిస్తూ, కామందు వైపు చూస్తూ, పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. నూర్పిళ్ళు అయ్యేదాకా పగలంతా ఆ చిక్కం నా మూతికే ఉంది. ఎద్దు చొంగ వాసన ఇప్పటికీ అప్పుడప్పుడు నా మీసాల్లో తగులుతుంది.

పూత దట్టంగా ఉన్న రోజుల్లో మళ్ళీ మద్రాసు వెళ్ళాం. ఈసారి నన్ను చూసి ఎవరూ నవ్వలేదు. చినబాబు తోలుకోటు నా మీద గోనెసంచిలా వేలాడుతోంది. జెండా ఊపాక నాలుగడుగులు తోశానో లేదో బండి చప్పున అందుకుంది. ఎక్కాక నాకు ఆకలి లేదు, కామందు లేడు. వెనక అటొక బుట్ట, ఇటొక బుట్ట ఉన్నాయనే అనుకున్నాను. పీపాల దగ్గర మిగతావాళ్ళు బ్రేకు నొక్కి, వెనక చక్రం జారి, మళ్ళీ సర్దుకుని లేచేవారు. నేను కాయ కదలకుండా తిరిగి వెళ్ళిపోయేవాణ్ణి. ఉన్నమాట చెప్పాలి, నా ముందున్న ఇద్దరి బండ్లు మధ్యలో ఆగిపోయాయి. అవి ఆగకపోతే నేను మూడోవాణ్ణి. ఆగాయి. నేను మొదట వచ్చాను.

బహుమతుల వేళ మైకులో విజేతని పిలిచారు. కామందు అప్పటికే లేచి కండువా సర్దుకుని వేదిక మెట్ల దాకా నడిచాడు. మైకులో వచ్చింది నా పేరు. ఇంటిపేరుతో సహా. నాకు ఇంటిపేరు ఉందన్న సంగతి మా ఊళ్ళో మాకే గుర్తుండేది కాదు. మెట్ల దగ్గర ఉన్నాయన చెయ్యి అడ్డం పెట్టి, రైడర్ని పిలిచారండీ అని కామందుతో మర్యాదగా చెప్పాడు.

“గిత్తకి కప్పిస్తారటండీ ఎక్కడన్నా?” అన్నాడు కామందు.

హాస్యమాడుతున్నాడనుకుని చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన హాస్యమాడలేదు. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. నేను ఆయన్ని దాటుకుని మెట్లెక్కాను. ఎవరో ఆఫీసరు గారి భార్య కప్పు నా చేతికిచ్చి, నా పెదాల మీది మచ్చలు చూసి, అయ్యో, పందెంలో కాలాయా అంది. అవునండీ అన్నాను.

కిందికి దిగగానే గ్యారేజీ ఆయన భుజం తట్టాడు. నా దగ్గరికి వచ్చెయ్, వచ్చే ఏడు నా బండి నడుపు, మిగతా రోజుల్లో నా గ్యారేజీలో పని నేర్చుకో అన్నాడు. నా ఎదురుగానే కామందుని అడిగాడు. కామందు ఎంతో పెద్దమనిషి తరహాగా తల ఊపి, కాయ దిగనివ్వండి, కాయ దిగాక నేనే పంపిస్తానన్నాడు. తోటకొచ్చి స్వయంగా తీసుకెళ్తానన్నాడు గ్యారేజీ ఆయన. కప్పు నా చేతిలోంచి కామందు చేతిలోకి ఎప్పుడు వెళ్ళిందో నేను గమనించలేదు, అంత సంతోషంగా ఉన్నాను. కాయ దిగేదాకా. అంతే. పూత పిందె కావాలి, పిందె కాయ కావాలి, ఆ తర్వాత నేను మద్రాసులో ఉంటాను. రైల్లో రాత్రంతా అదే లెక్క.

నూజివీడులో దిగగానే కాఫీ హోటల్లో ఎవరో కామందుతో, పందెం కొట్టింది మీ పాలేరు కొడుకటగదండీ అన్నారు. మంచికే అన్నారు పాపం. ఆ మాట ముసునూరు దాకా ఆయన ఎక్కడికెళ్తే అక్కడికి ముందే వెళ్ళి కూర్చుంది. కప్పు హాల్లో పెట్టుకుని అందులో వక్కలు పోసుకున్నా ఆయన మంట చల్లారలేదు.

శివరాత్రి తిరునాళ్ళు వచ్చాయి. బండలాగుడు ముగిశాక మైకులో ఒక వింత ప్రకటన చేయించాడు. దేశంలో మొదటి బహుమతి కొట్టిన కామందు గారి మోటారు సైకిలు ఇప్పుడు బండ లాగుతుందని. మైకులో ఆయన పేరు ఒకటికి రెండుసార్లు చదివారు. జనం కేకలు పెట్టారు. మా గుడిసెకి మనిషి వచ్చి నన్ను లాక్కెళ్ళాడు. వెళ్ళేసరికి బండి వెనక ఇరుసుకి గిత్తల గొలుసు పొట్టిగా బిగించి ఉంది, రెండో కొన రాతిబండకి.

నా జన్మలో ఆయనకి ఎదురు చెప్పింది అప్పుడొక్కసారే.

“ఇది లాగే బండి కాదండీ అయ్యగారూ. కట్టొద్దండీ.”

“నిన్నడిగానా?”

ఎక్కాను. మద్రాసు పోవాల్సినవాణ్ణి, పేచీ ఎందుకు, కాసేపు చక్రం తిప్పితే ఆయన సరదా తీరుతుంది, ఇంజను కాలినా కాలనీ అనుకున్నాను. గేరు వేశాను. వెనక చక్రం దుమ్ములో గొయ్యి తవ్వుకుంది గానీ బండ కదల్లేదు. జనం నవ్వారు. నవ్వింది ఆయన్ని. ఆయన పక్కవాడి చేతిలోంచి ముల్లుకర్ర అందుకున్నాడు. జన్మలో గిత్తని తోలనివాడు, ఆ రోజు నన్ను తోలాడు. పిక్కలో ఒకసారి, తొడలో ఒకసారి దిగింది. ఆ నొప్పికి నా మణికట్టు మెలిపడి ఇంజను ఒక్కసారిగా అరిచింది. గొయ్యిలోంచి చక్రం గట్టినేల పట్టుకుంది. గొలుసు బిగిసింది. బండ కదల్లేదు గనక బండి ముందు చక్రం పైకి లేచింది. నేను వెల్లకిలా పడ్డాను, బండి నా మీద పడింది. మోకాలు రాతిబండ అంచుకీ ఇంజనుకీ మధ్య ఉండిపోయింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. పక్కనున్నవాళ్ళకీ వినపడిందని తర్వాత చెప్పారు.

“ముందు బండి లేపండ్రా” అన్నాడు కామందు.

బండి లేపారు. పెట్రోలు కారుతోందేమో చూశారు. హేండిలు వంకర పోయిందని చినబాబు బాధపడ్డాడు. ఆ తర్వాత నన్ను లేపారు. ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. గిత్తలకి కాలు బెణికితే కట్టేవాడు ఒకడుండేవాడు, వాణ్ణి పిలిపించారు. వాడు వెదురు బద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన పట్టించి, గొడ్డుకి కట్టినట్టే కట్టాడు. వాడి తప్పు లేదు, వాడికి తెలిసింది అది. మూడు నెలల తర్వాత బద్దలు విప్పితే మోకాలు వంగలేదు. ఇప్పటికీ వంగదు. తిరునాళ్ళ మైకువాళ్ళు మర్నాడు నాకొక తువ్వాలు పంపారు.

విచిత్రమేమిటంటే, ఆ రోజు నుంచి కామందు నన్ను బాగా చూసుకున్నాడు. నా గంజిలో ఉప్పు పడింది, తర్వాత గంజి అన్నమైంది. చావిట్లో గిత్తల పక్కన మంచం వేయించాడు. ఇంటికొచ్చినవాళ్ళని అక్కడికి తీసుకొచ్చి, వీడే మన పందెం గిత్త అని చూపించేవాడు. వాళ్ళు నా కాలు చూసి, ఆయన ధర్మగుణం మెచ్చుకుని వెళ్ళేవారు. మా అమ్మ కూడా ఆయనకి దండం పెట్టింది. మంచంలో పడుకుని నేను పైకప్పు సందుల్లోంచి మామిడి కొమ్మలు చూసేవాణ్ణి. పిందెలు కాయలవుతున్నాయి. మోకాలు పోతే పోయింది, చేతులున్నాయి, పందెం కాకపోతే గ్యారేజీ పని, మద్రాసు మద్రాసే అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

కాయ దిగింది. మాటిచ్చినట్టే గ్యారేజీ ఆయన కారులో వచ్చాడు. అరుగు మీద కుర్చీ వేసి, రసాలు పిసికి తినమని కామందు దగ్గరుండి మర్యాద చేశాడు. ఆయన తింటూ, మావాడేడండీ అన్నాడు. మావాడు. ఆ మాట చావిట్లో ఉన్న నాకు వినపడింది. పిలవకముందే కర్ర పట్టుకుని వెళ్ళి అరుగు కింద నిలబడ్డాను.

ఆయన చేతిలో పండు చేతిలోనే ఉండిపోయింది. ఏమైందన్నట్టు కామందు వైపు చూశాడు. నా వైపు కాదు.

“తిరునాళ్ళలో పడ్డాడండీ, ఖర్మ. అయినా గెలిచిన గిత్తకి కాలు విరిగిందని కోతకి తోలే ఇంట్లో పుట్టలేదండీ నేను. బతికున్నన్నాళ్ళు గడ్డేస్తాను.”

గ్యారేజీ ఆయన పండు పక్కన పెట్టాడు. మామిడి రసం కారుతున్న రెండు చేతులూ జోడించాడు.

“ఈ రోజుల్లో ఇలాంటి మనసు ఎవరికుంటుందండీ.”

నిజంగానే కళ్ళు చెమ్మగిల్లాయి ఆయనకి. మంచివాడు. నాకు కామందు మీద ఉన్నంత కసి ఆయన మీద కూడా ఉంది. నా చేతులు బాగానే ఉన్నాయండీ, పని చేస్తానండీ అన్నాను. గట్టిగానే అన్నాననుకుంటాను. నువ్వు అదృష్టవంతుడివి అన్నట్టు ఆయన తల ఊపాడు. కామందు నా వైపు తిరిగి, అయ్యగారి కారులో కాయల బుట్ట పెట్టు అన్నాడు.

బుట్ట నెత్తిన పెట్టుకున్నాను. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో బుట్ట. వంగని కాలితో అరుగు దగ్గర నుంచి కారు దాకా నడవడం, ఆ రోజు దాకా నేను తిరిగిన ఏ మలుపు కంటే కష్టం. కారు దగ్గర ఒళ్ళు ఒక పక్కకి ఒరిగింది. బుట్టలోంచి ఒక రసం పండు కింద పడి, కారు చక్రం దాకా దొర్లి ఆగింది. బుట్ట కారులో పెట్టి, కర్ర ఆసరాగా వంగి దాన్ని తీశాను. ఒక పక్క నలిగింది.

తలెత్తితే కామందు అరుగు మీద నుంచి నన్నే చూస్తున్నాడు. ఆయన కోపంగా లేడు. ఇంటికొచ్చినాయన ఎదురుగా ఉన్నాడు గనక చిరునవ్వుతో ఉన్నాడు. నేను మెట్ల దాకా వెనక్కి నడిచి వెళ్ళి, నలిగిన పండు ఆయన పాదాల దగ్గర పెట్టి, ఎవరూ చెప్పకుండానే మొహం పైకెత్తి పెదాలు చాపాను.